రహదారి అంచున జీవుల సంబంధాలు: దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ వరకు

రహదారుల వలన వన్యప్రాణులకు కలిగే హానిని అంచనా వేయడానికి చాలాకాలంగా ఒకే పద్ధతి వాడుకలో ఉన్నది. అది వాహనాల కింద పడి చనిపోయిన జంతువుల కళేబరాలను లెక్కపెట్టడం. ఈ లెక్క అవసరమైనదే. అయితే ఒక జెర్రిపోతు చనిపోయినట్లు నమోదు చేసే పట్టికలో ఆ పాము తినవలసిన ఎలుకలకు గడి ఉండదు. ఆ ఎలుకలు కొరికే వరి దుబ్బులకు అసలే ఉండదు. రహదారి ఒక ప్రాణిని చంపినపుడు దానితో ముడిపడి ఉన్న ఆహార సంబంధం, పరాగ సంపర్క సంబంధం, పరాన్నజీవన సంబంధం కూడా మారిపోతాయి. ఏ ప్రాణీ చావకుండానే ఇవి మారడం అంతకంటె తరచుగా జరుగుతుంది. సేద్య విజ్ఞానానికి అసలు సంబంధించిన విషయం ఇదే. పైరు, పురుగు, పురుగును తినే పురుగు, వీటన్నిటినీ మోసే కలుపు మొక్క ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయన్నదే సస్యరక్షణకు పునాది. ఆ వ్యవహారంలో రహదారి పాత్ర ఏమిటన్న ప్రశ్న వ్యవసాయ పాఠ్యప్రణాళికలలో ఇంతవరకు తగిన చోటు పొందలేదు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి తూర్పు హైదరాబాదు కంటె అనువైన ప్రదేశం అరుదు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ వరకు సాగే రహదారిపై 2018 సెప్టెంబరు 24 నుంచి మెట్రో రైలు కూడా నడుస్తున్నది. ఎల్బీనగర్ కూడలిలో విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి, ఇన్నర్ రింగ్ రోడ్డు కలుస్తాయి. ఈ రెండు పేటల నడుమ సరూర్‌నగర్ చెరువు ఉన్నది. కూడలి దాటి విజయవాడ వైపు కొద్ది దూరం వెళ్లగానే వనస్థలిపురం, ఆటోనగర్‌ల పక్కనే మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం, ఆ తరువాత కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన హయత్‌నగర్ పరిశోధన క్షేత్రం, ఆపైన పెద్ద అంబర్‌పేట వద్ద 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వస్తాయి. నగరం, చెరువు, జింకల వనం, మెట్ట పొలం ఒకే దారి పొడవునా వరుసగా ఉండడం పరిశోధకునికి వరం వంటిది. ఆ వరాన్ని వాడుకున్నవారు తక్కువ.

హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట భూమి. మహావీరుని 2500వ నిర్వాణ ఉత్సవ సందర్భంగా 1975లో జింకల పార్కుగా ఏర్పడి, 1994లో జాతీయ ఉద్యానవనం హోదా పొందింది. దీని విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకలు ఇక్కడి ప్రధాన ఆకర్షణ. (తెలంగాణ చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా ఎన్నుకొనగా, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ పక్షాన నిలిచింది. వనస్థలిలోని కృష్ణజింకలకు ఈ పంపకం తెలియదు.) ఇటువంటి వనాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా రహదారిని శబ్దకాలుష్యం కింద ఒక వాక్యంలో ప్రస్తావించి ముందుకు సాగుతారు. కాని ఇక్కడ రహదారి చేసిన పెద్ద మార్పు శబ్దం కాదు, దిగ్బంధం. ఒకవైపు జాతీయ రహదారి, మిగిలిన వైపుల కాలనీలు, వాటి దారులు. దీని వలన లోపలి జింకకు బయటకు వెళ్లే మార్గం లేదు, బయటి జింక లోపలికి వచ్చే అవకాశమూ లేదు. కృష్ణజింక వేగానికి కారణంగా చెప్పబడే చీతా దేశంలో అంతరించినట్లు 1952లోనే ప్రకటించబడింది. తోడేలు దక్కన్ మైదానాలలో ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నా, ఇటువంటి చుట్టుముట్టబడిన వనంలోకి నడిచి రాజాలదు. వేటాడే జంతువుకూ వేటకూ ఉన్న సంబంధం ఇక్కడ రహదారి వేగం వలన కాక రహదారి ఆకారం వలన తెగిపోయింది.

వేటాడే జంతువు లేనపుడు శాకాహారికీ గడ్డికీ గల సంబంధం కూడా వేరొక రూపం దాలుస్తుంది. కృష్ణజింకకు కావలసినది పొట్టి గడ్డి పెరిగే బయలు. అది సర్కారు తుమ్మ కాయలను ఇష్టంగా తింటుంది. గుజరాత్‌లోని వేళావదర్ జాతీయ ఉద్యానవనంలో జరిగిన పరిశోధనలు, ఆ కాయల విత్తనాలు జింక పేడతో పాటు వ్యాపించి మొలకెత్తుతున్నాయని చూపించాయి. అనగా తనకు అవసరమైన గడ్డి బయలును తానే ముళ్లపొదగా మార్చుకొనే ప్రమాదం ఆ జంతువుకు ఉన్నది. మంద దూరాలు తిరిగే చోట ఈ విత్తనాలు విశాలమైన ప్రాంతంలో చెదిరిపోతాయి. చుట్టూ దారులు మూసిన 14.59 చదరపు కిలోమీటర్లలో అవి మళ్లీ మళ్లీ అదే నేలపై పడతాయి. హరిణ వనస్థలిలో సర్కారు తుమ్మను తొలగించే పనిని అటవీ సిబ్బంది శ్రమగా మాత్రమే చూడక, మూసివేయబడిన జీవావరణానికి చెల్లించే నిర్వహణ వ్యయంగా చూడాలి. రహదారి ప్రణాళిక వేసేవారి లెక్కలో ఈ వ్యయం ఎన్నడూ చేరదు.

రహదారి ప్రభావం ప్రతిసారి తుంచివేసే దిశలోనే ఉంటుందని భావించడం పొరపాటు. అమెరికాలో ఎల్లోస్టోన్ ప్రాంతంలో జోయెల్ బెర్గర్ పదేళ్ల పరిశీలన ఆధారంగా 2007లో ప్రచురించిన పత్రం ఇందుకు మంచి ఉదాహరణ. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగి వ్యాపించిన కొద్దీ గర్భిణీ మూస్ దుప్పులు ప్రసవ స్థలాలను క్రమంగా రహదారుల దగ్గరకు మార్చుకున్నాయి. ఎలుగులు రహదారికి జంకుతాయి గనుక తల్లులు దానిని కోటగా వాడుకున్నాయి. ఇక్కడ రహదారి వేటాడే జంతువుకు అడ్డుగోడ, వేటకు ఆశ్రయం. ఏ పక్షం లాభపడుతుందన్నది జాతిని బట్టి, స్థలాన్ని బట్టి మారుతుంది. పాలపిట్టను చూసినా ఇది తెలుస్తుంది. దసరానాడు జనం వెదకి చూసే ఈ రాష్ట్రపక్షి దారి పక్క కరెంటు తీగలపై కూర్చుని, గడ్డిలోని మిడతలను, పేడపురుగులను గమనిస్తూ దిగుతుంది. తీగ దానికి వేటమంచె, పక్కనున్న తారు రోడ్డు ఉరి. అదే తీగ ఆ పక్షికి ఆహారాన్నీ ప్రమాదాన్నీ ఒక్కసారే ఇస్తున్నది.

అసలు రహదారి లేకుండా శబ్దం ఒక్కటే చాలునని కూడా ఋజువైంది. బొయిసీ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐడాహో రాష్ట్రంలో రోడ్డే లేని ఒక కొండ గట్టుపై అర కిలోమీటరు పొడవున స్పీకర్లు పెట్టి వాహనాల ధ్వని వినిపించగా, వలస పక్షుల సంఖ్య నాలుగో వంతుకు పైగా తగ్గింది. ఈ ఫలితం 2013లో ప్రచురితమైంది. వీధి దీపాల మాటకు వస్తే, స్విట్జర్లాండులో జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలో దీపాల కింద రాత్రి పూట పువ్వులపై వాలే కీటకాల రాకపోకలు 62 శాతం తగ్గాయి. పగటి కీటకాలు ఎంత శ్రమించినా ఆ మొక్కల కాయ కట్టు 13 శాతం తక్కువగానే ఉన్నది. ఎల్బీనగర్ పైవంతెనల మీది తెల్లని ఎల్ఈడీ కాంతి సొర, పొట్ల వంటి రాత్రి పూసే తీగ పంటలపై ఎంత ప్రభావం చూపుతుందన్నది ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి ఒక్క ఋతువులో తేల్చగల ప్రశ్న.

తెలుగు నేలపై రహదారి అంచు ఏమి చేయగలదో తెలిపే అతి ఖరీదైన పాఠం 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో ఎదురైంది. ఆ ఏడాది వేరుశనగ పైరుపై అప్పటివరకు గుర్తించని ఒక తెగులు సోకి సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలను మించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, ఇతర సంస్థలవారు కలిసి దానికి పొగాకు స్ట్రీక్ వైరస్ కారణమని నిర్ధారించారు. కాండం కుళ్ళు వైరస్ తెగులుగా అది ప్రసిద్ధమైంది. పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ తెగులుకూ ఇదే వైరస్ మూలం.

ఆ వైరస్ పొలంలో పుట్టినది కాదు. బీడు భూములలో, పొలం గట్లపై, అన్నిటికంటె ముఖ్యంగా రహదారుల అంచులలో పెరిగే వయ్యారిభామలో అది దాగి ఉన్నది. వైరస్ సోకినా వయ్యారిభామ పైకి ఏ లక్షణమూ చూపదు, ఏపుగా పెరిగి పూస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, గాలికీ కొంత ఎగురుతుంది. తామర పురుగు లేత వేరుశనగ ఆకును గీకినపుడు ఏర్పడే గాయం గుండా, ఆకుపై రాలిన పుప్పొడిలోని వైరస్ లోపలికి ప్రవేశిస్తుంది. ఇక్కడ గమనించవలసినది, వైరస్ పురుగు శరీరంలో వృద్ధి చెందడం లేదు. పురుగు చేస్తున్నది రెండు చిన్న పనులు మాత్రమే: పుప్పొడిని మోయడం, ఆకును గాయపరచడం. ఒక కలుపు మొక్క, ఒక వైరస్, ఒక సూక్ష్మ కీటకం, ఒక పైరు, ఈ నాలుగు కలవడానికి కావలసిన వేదికను రహదారి అంచు సమకూర్చింది.

వయ్యారిభామ 1950ల మధ్య పుణెలో గుర్తించబడిన తరువాత దేశమంతటా రోడ్ల వెంట, రైలు మార్గాల వెంట ప్రయాణించింది. విస్తరణ పనులలో తవ్విన మట్టిని ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించినపుడు వేలాది విత్తనాలు లారీలలో ప్రయాణిస్తాయి. కొత్తగా తవ్విన, పోటీ మొక్కలు లేని, వాన నీరు తారుపై నుంచి జారి చేరే అంచు దానికి కన్నతల్లి ఒడి వంటిది. ఎల్బీనగర్ నుంచి విజయవాడ దిశగా ఆరు వరుసల విస్తరణ జరిగిన తీరున సర్వీసు రోడ్ల అంచులు ఎప్పటికప్పుడు తవ్వబడుతూనే ఉన్నాయి. అబ్దుల్లాపూర్‌మెట్ దాటిన తరువాత ఆ అంచుకు ఆనుకుని పొలాలు మొదలవుతాయి.

మరి పరిష్కారం రహదారి అంచులను మొత్తంగా చెక్కివేయడమేనా? విస్తరణ అధికారులు రైతుకు ఇచ్చే సలహా తరచుగా అక్కడితో ఆగిపోతుంది. అది సగం నిజమే. పత్తిని, బెండను, మందారాన్ని పీడించే ఫెనకోకస్ సొలెనాప్సిస్ పిండినల్లికి వయ్యారిభామ కూడా ఒక ఆశ్రయ మొక్క. చీమలు తీపి ద్రవం కోసం ఆ పిండినల్లిని కాపాడుతూ మిత్రపురుగులను తరుముతాయి. ఇదంతా వయ్యారిభామను పీకివేయవలసిన కారణమే. అయితే ఆ పిండినల్లిలో గుడ్లుపెట్టి దానిని అదుపు చేసే ఏనేసియస్ అనే చిన్న కందిరీగ కూడా, పత్తి లేని నెలలలో ఇటువంటి కలుపు మొక్కలపైని పిండినల్లి మీదనే బతుకుతుంది. దేశంలో పత్తి పిండినల్లి ఉధృతి 2008 తరువాత తగ్గడంలో ఈ కందిరీగకు పెద్ద పాత్ర ఉన్నది. అంచును నున్నగా చెక్కితే శత్రువుకూ మిత్రునికీ ఒకేసారి ఇల్లు పోతుంది. మొదట తిరిగి వచ్చేది ఎప్పుడూ శత్రువే, ఎందుకంటే దానికి పైరు ఎదురుచూస్తూ ఉంటుంది. కాబట్టి వయ్యారిభామను తొలగించిన చోటును ఖాళీగా వదలకుండా తంగేడు, తంటెం వంటి మొక్కలతో నింపాలన్న పాత సిఫారసుకు ఇప్పటికంటె ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉన్నది.

తంగేడు విషయం ఇంకొంత చెప్పదగినది. బతుకమ్మలో ముందు పేర్చే ఈ పువ్వులో మకరందం దాదాపు లేదు. పుప్పొడి మాత్రం గొట్టాల వంటి కేసరాలలో బిగించి ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో కంపింపజేస్తేనే అది రాలుతుంది. అదే తుమ్మెద కంది పూలను కూడా దర్శించి పరపరాగ సంపర్కానికి తోడ్పడుతుంది. అది గూడు పెట్టుకొనేది ఎండిన మొద్దులలో, పాత కొమ్మలలో. రహదారి విస్తరణలో ముందు పోయేది తంగేడు పొద, ఆ వెంటనే పోయేది ఎండు కొమ్మలున్న పాత చెట్టు. వాటి స్థానంలో విభాజకంపై నాటేది కాగితం పూల మొక్క. ఆ రంగు బాటసారికి కనువిందే, తుమ్మెదకు మాత్రం విందు కాదు.

దుమ్ము సంగతి రైతులకు శాస్త్రవేత్తల కంటె బాగా తెలుసు. దారి పక్క మడిలో ఎర్రనల్లి ముందు వస్తుందని, ఆకులు ముందుగా పాలిపోతాయని బెండ, వంగ పండించేవారు చెప్పుట కొత్త కాదు. దీనికి కారణం తెలియనిదేమీ కాదు. నల్లులను తినే పరభక్షక నల్లులు, పురుగు గుడ్లను వెదికే పరాన్నజీవి కందిరీగలు ఆకు ఉపరితలాన్ని తాకుతూ, వాసన పట్టుకుంటూ నడుస్తాయి. దుమ్ము వాటి నడకను ఆపుతుంది, శరీరంపైని మైనపు పొరను ఒరిపి నీటిని పోగొడుతుంది. జడమైన దుమ్ము పరాన్నజీవి కందిరీగలను చంపగలదని బార్ట్‌లెట్ 1951లోనే కాలిఫోర్నియాలో చూపించాడు. ఎర్రనల్లి మాత్రం సాలీడు దారాల కింద దాదాపు సురక్షితం. దుమ్ము పైరుకు చేసే హానిలో పెద్ద భాగం ఆకు రంధ్రాలు పూడడం వలన కాదు, మిత్రులు పని మానడం వలన. ఇబ్రహీంపట్నం, యాచారం వైపు కూరగాయల మడులలో రోడ్డుకు ఆనుకున్న సాళ్లలో మందు ఒకటి రెండుసార్లు ఎక్కువ కొట్టే అలవాటు ఉంటే, ఆ ఖర్చును పురుగు ఖాతాలో కాక రోడ్డు ఖాతాలో వ్రాయాలి. అటువంటి సాళ్లకు నీరు చల్లి ఆకులు కడగడం, అంచున జొన్న లేక సజ్జ మూడు నాలుగు వరుసలు వేయడం మందుకంటె చవక. ఇదే అడ్డుపైరు వైరస్ మోసే తామర పురుగులకూ తెరగా పనిచేస్తుంది.

పొగ విషయంలో బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2022లో వెలువరించిన పొలం ప్రయోగం ప్రతి సస్యశాస్త్ర విద్యార్థి చదవదగినది. డీజిలు పొగ, ఓజోనులను అనుమతించదగిన పరిమితుల కంటె తక్కువ స్థాయిలోనే వదిలినప్పటికీ నల్ల ఆవ పువ్వులపైకి వచ్చే కీటకాల సంఖ్య 70 శాతం వరకు, పువ్వు సందర్శనలు 90 శాతం వరకు తగ్గాయి. విత్తన దిగుబడికి సంబంధించిన కొలతలు 14 నుంచి 31 శాతం పడిపోయాయి. కీటకాలు చనిపోలేదు. పువ్వు వాసనలోని రసాయనాలు గాలిలోనే విరిగిపోయి, పువ్వు పిలుపు కీటకానికి అందలేదు. ఆటోనగర్ ముందు బారులు తీరే లారీల సంగతి తెలిసినవారికి ఈ అంకెలను ఇక్కడికి అన్వయించి చూడాలనిపించడం సహజం. కాని శీతల దేశపు ఆవ మీది అంకెను దక్కన్ కందికి నేరుగా అంటగట్టరాదు. హయత్‌నగర్ క్షేత్రం ఆ రహదారి పక్కనే ఉన్నది, అక్కడే కొలవవచ్చు.

ఇదే రంగారెడ్డి జిల్లాలో, నగరానికి అవతలి వైపున, చేవెళ్ల దారి మర్రిచెట్ల వివాదం మరొక కోణాన్ని చూపుతుంది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు జాతీయ రహదారి విస్తరణలో 900కు పైగా మర్రిచెట్ల భవితవ్యం జాతీయ హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్లింది. వాదన ఎక్కువగా చెట్ల వయస్సు, నీడ, అందం చుట్టూ నడిచింది. మర్రికి పరాగ సంపర్కం చేసేది యుప్రిస్టినా మసోనీ అనే ఒకే ఒక కందిరీగ. అది రెండు మూడు రోజులు మించి బతకదు. ఆ గడువులో సరియైన దశలో కాయలున్న మరొక మర్రిని చేరుకోవాలి. అందువలన మర్రిచెట్ల వరుసలో ఒకటొకటి వేర్వేరు సమయాలలో కాయడం ఆ కందిరీగకు ప్రాణాధారం. ఎంత మంది పాల్గొన్నా ఇటువంటి చర్చలో చెట్లను ఒక్కొక్కటిగా లెక్కించినంత కాలం, సగం చెట్లు మిగిలితే సగం సంబంధం మిగులుతుందనే భ్రమ తొలగదు. మిగిలిన చెట్ల నడుమ కాపు సమయాలు పొసగకపోతే చెట్లు ఉంటాయి, విత్తనం ఉండదు, పండు కోసం వచ్చే చిలుకలూ కోయిలలూ తగ్గుతాయి.

దిల్‌సుఖ్‌నగర్ సమీపంలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2022లో బాటసింగారానికి తరలింది. రవాణా దృష్టితో ఇది సబబైన నిర్ణయం, బాహ్యవలయ రహదారి దగ్గర ఉన్నది. అయితే నగరం నడుమ కుళ్లిన మామిడి, బత్తాయి గుట్టల్లో పుట్టిన పండుఈగకు చుట్టూ తోటలు లేవు, అక్కడి వ్యర్థాల మీద గద్దలు, కాకులు, పశువులు బతికేవి. బాటసింగారం చుట్టూ పొలాలూ తోటలూ ఉన్నాయి. వ్యర్థాలను అదే రోజు పూడ్చే లేక కంపోస్టు చేసే ఏర్పాటు, చుట్టుపక్కల తోటలలో మిథైల్ యూజినాల్ ఎరల ద్వారా వారం వారం లెక్క, ఈ రెండూ మార్కెట్టుతో పాటే తరలవలసినవి.

పెద్ద జంతువుల విషయంలో ఆలోచన కొంత ముందుకు సాగినమాట వాస్తవం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తున్నారు. పెంచ్ వద్ద 44వ జాతీయ రహదారి కింద జంతువుల కోసం తొమ్మిది దారులు నిర్మించారు. వాటిని పులులూ దుప్పులూ వాడుకొనడం కెమెరాలలో నమోదైంది. ఇవి అభినందనీయమైనవే. కాని పులికి వేసిన వంతెన కింద నుంచి పరాన్నజీవి కందిరీగ వెళ్లదు, రాత్రి మూసిన గేటు పగటి దుమ్మును ఆపదు. అడవికి వెలుపల, పొలాల నడుమ పోయే వందల కిలోమీటర్ల రహదారిని గురించి మాట్లాడవలసినది అటవీ శాఖ కాదు, వ్యవసాయ శాస్త్రవేత్తలే.

ఇందుకు కొత్త సంస్థ ఏదీ అక్కరలేదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ప్రచారం చేస్తున్న వ్యవసాయ పర్యావరణ విశ్లేషణలో రైతు ప్రతి వారం పురుగులను, మిత్రపురుగులను లెక్కించి పటం గీస్తాడు. ఆ పటంలో రహదారి ఏ వైపున, ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నదో ఒక గీత చేర్చితే చాలు. హయత్‌నగర్‌లోనూ, సాగర్ రహదారి వెంట రైతుల పొలాలలోనూ రోడ్డు నుంచి 5, 25, 100, 300 మీటర్ల దూరాలలో తామర పురుగు, ఎర్రనల్లి, అక్షింతల పురుగు, తుమ్మెద రాకపోకలను రెండు ఖరీఫ్‌లు లెక్కిస్తే, ఇప్పటివరకు ఊహలుగా ఉన్నవాటికి అంకెలు దొరుకుతాయి. ఆ అంకెలతో రహదారి శాఖ వద్దకు వెళ్లి అడగవలసిన మొదటి విషయం చాలా చిన్నది. అంచుల కలుపు కోత ఇప్పుడు గుత్తేదారు బిల్లుల వేళను బట్టి, చాలాచోట్ల వయ్యారిభామ పూసి విత్తనం రాల్చిన తరువాత జరుగుతున్నది. తొలకరి వానలకు మొలచిన మొక్క నెల రోజులకే పూతకు సిద్ధమవుతుంది. వేరుశనగ, కంది మొలకలు లేతగా ఉండేదీ అప్పుడే. కోతను జూన్ చివరికి, పూత రాకముందుకు జరిపి, ఆ వానలలోనే అదే అంచున తంగేడు విత్తనం చల్లాలన్న షరతును తరువాతి నిర్వహణ టెండరులోనే చేర్చవచ్చు.